గోడకు అవతలి సమాధి

ఆ ఉదయం ఎర్సీలియా అనుకున్నది పీపాలోని వైన్ సీసాల్లోకి పోసుకుందామని మాత్రమే. మా వైపు ఆ పని చంద్రుడు తగ్గేటప్పుడే చేస్తారు. చంద్రుడు తగ్గుతున్నాడు, వైన్ తేరుకుంది, మొగుడు దువీలియో సీసాలు కడిగి బోర్లించాడు కూడా. కానీ నేలమాళిగ కిటికీ వీధిలోకి ఉందాయె. అందులోంచి పక్కింటి ఒర్తెన్సియా చెప్పులు, వాటి వెనకాల బారుగా యాత్రికుల బూట్లు కనిపించాయి. ముందు ఊరి పాత రాతి ద్వారం, తర్వాత తన ఇంటి సమాధి. అదీ ఆవిడ చూపించే పద్ధతి.

సమాధి ఒర్తెన్సియా ఇంటి కింద ఉంది. రోముకు పేరు రాకముందు మా కొండ మీద బతికిన ఎట్రుస్కన్లది. గోడల నిండా విందు చేసుకుంటున్న ఆలుమగల బొమ్మలు. దాని తాళంచెవి మెళ్లో వేసుకుని ఒర్తెన్సియా చర్చికి కూడా వచ్చేది.

"చూశావా దాని నడక? చచ్చినవాళ్లందర్నీ తనే కన్నట్టు!"

"చూశాన్లే. సీసా పట్టుకో," అన్నాడు దువీలియో.

"కొండంతా డొల్లే కదయ్యా. దాని కింద ఉన్నది మన కింద ఉండదా? పలుగు తియ్యి."

"ఏదన్నా బయటపడితే సున్నం కొట్టేసి నోరు మూసుకోమని మా నాన్న చెప్పేవాడే! పురావస్తు ఆఫీసువాళ్లకి తెలిస్తే సీలేస్తారు."

"దానికి వెయ్యలేదుగా!"

వెనక గోడ మెత్తటి రాయి. నాలుగు పోట్లకే గుల్ల మోత వచ్చింది, ఇంకో పోటుకి చిన్న కన్నం పడింది. దీపం పెట్టి చూస్తే అవతల గోడ మీద ఎర్రరంగుతో వేసిన పాదాలు రెండు! ఇక ఆవిడ ఆగుతుందా? కిటికీకి నోరు ఆనించి, "మాకూ దొరికింది! ఒర్తెన్సియా దానికంటే మంచిది!" అని కేక పెట్టింది. రొట్టెల కొట్టాయన పిండి చేతులతో వచ్చాడు. ఫాదరు వచ్చాడు. మేయరైతే మూడు రంగుల పట్టీ భుజానికి తగిలించుకుని మరీ వచ్చాడు. అంతమంది చూస్తుంటే దువీలియో చిన్న కన్నంతో సరిపెడతాడా? బలమంతా పెట్టి ఒక్కటి పొడిచాడు. గోడ కూలింది, దాంతోపాటు ఆయనా అవతల పడ్డాడు.

సరిగ్గా అప్పుడే అవతల తన సమాధిలో నిలబడి ఒర్తెన్సియా, "ఇక్కడ పడుకున్నవాళ్లు మళ్లీ లేవలేదండీ," అని యాత్రికులకు చెబుతోంది. రాతి దుమ్ముతో నిలువెల్లా తెల్లబడ్డ దువీలియో వాళ్ల మధ్యలోంచి లేచి, తుమ్మాడు.

యాత్రికులు మెట్ల మీద ఒకరినొకరు తొక్కుకున్నారు.

"ఒసేయ్ ఎర్సీలియా! మా సమాధిలో నీ మొగుడికేం పనే?"

"మీ సమాధి మా నేలమాళిగ దాకా ఎందుకొచ్చిందో ముందు అది చెప్పవే!"

"అదొచ్చి రెండున్నర వేల ఏళ్లయింది. నువ్వు మొన్న కాపరానికొచ్చావు!"

మేయరు కళ్లారా చూశాక ఇక సున్నం మాట ఎవరెత్తుతారు? మధ్యాహ్నానికల్లా పురావస్తు ఆఫీసు నుంచి కళ్లద్దాల అమ్మాయి టేపుతో దిగింది. కొలిచి చూసి, సమాధి ముప్పాతిక భాగం ఎర్సీలియా ఇంటి కిందే ఉందని తేల్చింది. ఎర్సీలియా వెంటనే ఒర్తెన్సియా మెడ వైపు చెయ్యి చాపింది.

"తాళంచెవి నాకివ్వండి," అంది ఆ అమ్మాయి. "గోడ పడింది కదా. రెండు నేలమాళిగలూ మూసేస్తున్నాం."

"మరి నా పీపా?"

"అదీ లోపలే ఉంటుంది."

"ఎన్నాళ్లమ్మా?"

"చూడాలి," అంది. ఆఫీసువాళ్లు చూడాలన్నారంటే మా వైపు మనవళ్లకి పెళ్లిళ్లయిపోతాయి.

ఇప్పుడు సాయంత్రాలు ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఎదురింటి నజ్జరేనా తన నేలమాళిగలోంచి జగ్గు నిండా వైన్ నింపుకుని తీరిగ్గా పైకొస్తుంటే రెండు జతల కళ్లూ ఆవిడ వెంటే.

"దాని ఇంటి కింద ఏమీ లేదట వదినా," అంది ఒర్తెన్సియా పళ్లు కొరుకుతూ. "ఒక్క కుండ పెంకు కూడా!"

"కొందరికి అన్నీ అలా కలిసొస్తాయిలే," అంది ఎర్సీలియా.