వన్స్ మోర్ నివారణ

ఒక మనిషి ఒక పద్యాన్ని ఒకే పూట రెండుసార్లు పాడడం మోసం కిందికి వస్తుంది. ఈ సంగతి లోకానికి ఇంకా తెలియదు. తోటపల్లి గూడూరు పక్కన, రొయ్యల గుంటల మధ్య ఉన్న మా ఊరికి పోయిన ఏటి తిరునాళ్ళలోనే తెలిసింది.

మా ఊళ్ళో తిరునాళ్ళకు పద్యనాటకం ఆడతారు. నేను తెర లాగుతాను. రాజు వేషం ముత్యాలయ్యది. యుద్ధానికి పోయే ముందు ఆయన ఒక పద్యం అందుకుంటాడు. రాగం ముగిసీ ముగియకముందే ముందు వరుసలో రొయ్యల రైతు హజరత్తయ్య లేచి ‘వన్స్ మోర్’ అంటాడు. (ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతే. ఇంతవరకూ దేనికీ చాలకుండా పోలేదు.) ఆ వెంటనే ఊరంతా అంటుంది. రాజు యుద్ధం ఆపి మళ్ళీ పాడతాడు. శత్రువు పక్కన నిలబడి ఓపిగ్గా వింటాడు.

పోయిన ఏడు తిరునాళ్ళ కమిటీ నాటకాన్ని ఫోన్లలో లైవ్ పెట్టింది. మైకుసెట్టు నరేంద్రబాబును ప్రసారాల పర్యవేక్షకుడిగా నియమించింది. ముత్యాలయ్య రెండోసారి పద్యం ఎత్తుకోగానే లైవ్ ఆగిపోయింది. చూపించిందే చూపించి ప్రేక్షకులను మోసం చేస్తున్నారని యాప్ వాళ్ళ నోటీసు వచ్చింది. అడిగింది ప్రేక్షకులేనని నరేంద్రబాబు అప్పీలు పెట్టాడు. క్షుణ్ణంగా పరిశీలించి తోసిపుచ్చామని రెప్పపాటులో జవాబు వచ్చింది. (మన ఆఫీసుల్లో ఇదే పనికి ఏళ్ళు పడుతుంది. అభివృద్ధి అంటే ఇదే.)

హార్మోనియం వాయించే సమాధానం అనే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. ఆయన ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు, తిరునాళ్ళకు మా దగ్గర. రెండోసారి శ్రుతి పెంచితే యాప్‌లో కనిపెట్టే యంత్రం వేరే పద్యం అనుకుంటుందన్నాడు. అట్లాగే చేసి చూశారు. యంత్రం పోల్చుకుంది. ఏమార్చబోయినందుకు ఇంకో నోటీసు ఇచ్చింది.

దాంతో ఈ ఏడు కమిటీ వన్స్ మోర్ నివారణ నిబంధనలు చేసింది. మైదానంలో ఎవరూ నోటితో ఆ మాట అనకూడదు. మళ్ళీ వినాలనుకున్నవాళ్ళు తమ ఫోన్లో వెనక్కి జరుపుకోవాలి. ఎదురుగా కూర్చున్నంత మాత్రాన నాటకం చూసినట్టు కాదు కాబట్టి, వచ్చిన ప్రతివాళ్ళూ లైవ్ తెరిచి పెట్టుకోవాలి. మరీ ఉండబట్టలేనివాళ్ళు కామెంటులో అడగవచ్చు, పర్యవేక్షకుడు పరిశీలిస్తాడు. (లైవ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. పరిశీలన అయ్యేసరికి రాజు చనిపోయి ఉంటాడు. చనిపోయినవాళ్ళు లేచి పాడడంపై నిబంధనలు ఇంకా రాలేదు.)

ముత్యాలయ్య కమిటీ దగ్గరికి వచ్చాడు. శాలువా వద్దన్నాడు. ఫ్లెక్సీలో బొమ్మ కూడా వద్దన్నాడు. ఒక్క వన్స్ మోర్ ఉంచమన్నాడు.

“అది లేకుంటే పద్యం బాగుందో లేదో నాకెట్ట తెలిసేది అబ్బయా?”

“ఎంతమంది వెనక్కి జరుపుకున్నారో పొద్దున్నే గ్రాఫ్ వస్తాది పెద్దాయనా, చూపిస్తాలే” అన్నాడు నరేంద్రబాబు.

తిరునాళ్ళ వచ్చింది. ముత్యాలయ్య పద్యం అందుకున్నాడు. నేను తెర తాడు పట్టినప్పటినుంచి ఆయన అంత బాగా పాడడం వినలేదు. రాగం ముగించి, కత్తి ఎత్తి, అట్లాగే నిలబడ్డాడు. సమాధానం హార్మోనియం తొక్కుతూ శ్రుతి వదలకుండా పట్టుకున్నాడు. ఎవరూ లేవలేదు. జనమంతా తలలు వంచి ఫోన్ల మీద వేలు జరుపుతున్నారు. కాసేపటికి మైదానం నిండా ముత్యాలయ్య గొంతే లేచింది. ఒక్కో ఫోన్లో పద్యం ఒక్కో చోట ఉంది.

ముత్యాలయ్య కత్తి దించి వేదిక అంచుకు వచ్చాడు. నాటకంలో లేని మాట ఒకటి అడిగాడు.

“హజరత్తన్నా, బాగలేదా?”

హజరత్తయ్య తల ఎత్తలేదు.

“ఉండు ముత్యాలయ్యా, వింటా ఉండా. రెండుసార్లు అయింది, ఇంకోసారి పెట్టినాను.”

యుద్ధం ఇంకా మిగిలే ఉంది. నేను తెర దించాను.

మరునాడు పొద్దున్నే నరేంద్రబాబు మాట తప్పకుండా గ్రాఫ్ చూపించాడు. పద్యం దగ్గర గీత తాటిచెట్టంత లేచింది. ముత్యాలయ్య దాన్ని చాలాసేపు చూశాడు.

“ఇందులో హజరత్తన్న ఎక్కడుండాడు?” అన్నాడు.

అందరినీ కలిపి ఒకటే గీత వస్తుందని నరేంద్రబాబు విడమరచి చెప్పాడు.

ఆ గీతకు కమిటీ చాలా సంతోషించింది. రెండోసారి పాడే శ్రమ ఎటూ తప్పించాం గనక, వచ్చే ఏడు ముత్యాలయ్యకు మొదటిసారి పాడే శ్రమ కూడా తప్పించాలని తీర్మానం చేసింది.