పోస్టుమాస్టరు గారి వానపాములు

రోజూ పొద్దున కాఫీ కంటే ముందు వానపాములను పలకరించాలని రిటైరైన పోస్టుమాస్టరు గారు నిర్ణయించుకున్నారు. రసాయనాల్లేని సేద్యం నేర్పే తోటలో ఆయన ఈమధ్యే చేరారు. అక్కడి టీచరమ్మ నేర్చుకునేవాళ్లందరికీ తలా ఒక వానపాముల పెట్టె ఇచ్చి, "వారం మేపి తీసుకురండి. బతికించుకొచ్చినవాళ్లకే మడి" అని చెప్పి పంపింది.

మడి అంటే మంచమంత నేల. దానికోసం ఆయన ప్రాణం కొట్టుకుపోతోంది. ఉద్యోగమంతా ట్యూబులైటు కింద ఊళ్లోవాళ్ల ఉత్తరాల మీద ముద్రలు గుద్దడంతోనే సరిపోయింది. తన చేత్తో ఒక్క టమాటా అయినా పండించాలని కోరిక. చేరిన రోజే రైతు టోపీ కూడా కొనుక్కున్నారు. అయితే ఇంట్లో ఆయన కోరికలకు అంత పరపతి లేదు. నేర్చుకుంటానన్న గిటారు అటక మీద ఉంది, ఈత కళ్లజోడు దాని పక్కనే ఉంది.

"అటక మీద ఇంక చోటు లేదండీ. ఇదైనా చివరిదాకా నేర్చుకోండి" అంది భార్య.

అలా అన్న మనిషే మంగళవారం నిమ్మరసం పిండి, తొక్కలు పెట్టెలో పడేసింది. పులుపు వాటికి పడదని ఆయన చెప్పినట్టు తర్వాత గుర్తొచ్చింది. బాల్కనీలోకి పరుగెత్తి మూత తీస్తే ఒక్క వానపామూ కనబడలేదు. పొద్దున్నే వాటితో కబుర్లు చెప్పే భర్తకు ఈ మాట చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. కూరల సంచి పట్టుకుని, చేపలు పట్టేవాళ్లకు ఎరలమ్మే దుకాణానికి వెళ్లింది. అక్కడి వానపాములు తెచ్చి పెట్టెలో పోసింది.

గురువారం కూతురు బాల్కనీ కడుగుతూ సబ్బునీళ్లు పెట్టెలో ఒలకబోసింది. మూత తీస్తే ఖాళీ. నాన్నకు చెప్పే ధైర్యం లేక ఆ పిల్లా ఎరల దుకాణానికే పరుగెత్తింది.

శుక్రవారం పోస్టుమాస్టరు గారే పెట్టెను ఎండలో వదిలేసి కునుకు తీశారు. లేచి చూస్తే లోపల మట్టి తప్ప ఏమీ లేదు. ఆయనకు కళ్లనీళ్లొక్కటే తక్కువ. టోపీ కళ్లమీదికి లాక్కుని ఆయనా అక్కడికే వెళ్లారు.

"ఏమిటో ఈ వారం ఎరలు నిలవడం లేదండీ. ఇదే ఆఖరి డబ్బా" అన్నాడు దుకాణదారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర కూతురు అంది: "నాన్నా, పెట్టె మాటిమాటికీ తెరవకు. పాపం, వాటికి విశ్రాంతి కావాలి."

"అవునండీ, అసలు ముట్టుకోకండి" అంది భార్య.

"నేనూ అదే అందామనుకుంటున్నా" అన్నారాయన.

ఆదివారం తోటకు ముగ్గురూ వెళ్లారు. ఆయన పెట్టె బల్లమీద పెట్టగానే మూత దానంతటదే లేచింది. టీచరమ్మ గోనెపట్టా పరిచి బోర్లించింది. కుప్పలు తెప్పలుగా వానపాములు! అందరూ చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ మాత్రం వంగి చూసింది. "ఈ సన్నవి నావి. మరి ఈ లావువి ఎక్కడివి మాస్టారూ?"

చప్పట్లు ఇంకా ఆగలేదు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పోస్టుమాస్టరు గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "మీవి ఎండకు చచ్చిపోయాయండి. ఇవి ఎరల దుకాణంలో కొన్నాను."

"ఆయన కాదు, చంపింది నేను! నిమ్మతొక్కలు వేశాను" అంది భార్య.

"అమ్మా, ఊరుకో. చంపింది నేను. సబ్బునీళ్లు పోశాను" అంది కూతురు.

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎవరూ చంపలేదు" అంది టీచరమ్మ. "నావి నిక్షేపంలా ఉన్నాయి. వెలుతురు పడితే మట్టిలోకి దూరిపోతాయని మొదటిరోజే చెప్పానా లేదా?"

"అప్పుడు నేను టోపీ కొనుక్కోవడానికి వెళ్లానండి."

టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "మడి మీదే. అయితే ముగ్గురూ రావాలి. ఇంత మందను మేపడం ఒక్కరివల్ల కాదు."

పోస్టుమాస్టరు గారు చేతిలోని టోపీ భార్య నెత్తిన పెట్టారు. ఆమె వద్దనలేదు.

ఆ ఆదివారం చెరువులో చేపలన్నీ క్షేమంగా ఉన్నాయి.