పదహారు గంటల నిరుద్యోగి

మంగళవారం పొద్దున కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టి ఫోను ఎత్తిన నవోమికి, ఐదు నెలలుగా ఉద్యోగం లేని తన మొగుడు రోజుకి పదహారు గంటలు పని చేస్తున్నాడని తెలిసింది.

చెప్పింది ఆషామాషీ మనిషి కాదు. నిరుద్యోగ భృతి ఆఫీసులో పనిచేసే మిసెస్ లిండ్‌క్విస్ట్. ఆవిడ గొంతులో కోపం లేదు. నవోమిని ఎక్కువ భయపెట్టింది అదే. హాస్పిటల్లో పెద్ద డాక్టర్లు చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే సరిగ్గా అదే గొంతుతో మొదలుపెడతారు.

"మీవారికి కౌంటీ కళల మండలి గ్రాంటు ఇచ్చిందని ఆయనే మాకు రాశారు. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆయన రోజుకి పదహారు గంటలు బొమ్మలు వేస్తున్నారని ఇప్పుడు తెలిసింది. గురువారం పదింటికి రమ్మనండి. అప్పటిదాకా చెక్కు ఆపుతున్నాం."

"ఎవరు చెప్పారండీ ఆ మాట?"

"అది ఫోనులో చెప్పను. రండి, మాట్లాడదాం."

ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పాలు పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు వినిపించింది.

నవోమి మొగుడు ప్రేమానందం నరసాపురం వాడు. సియాటిల్ పక్కన బాతెల్‌లో, విమానాల విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో రిపేరు పుస్తకాలకి బొమ్మలు గీసేవాడు. తొమ్మిదేళ్లపాటు బోల్టులు, నట్లు, వాషర్లు గీశాడు. ఆర్డర్లు తగ్గాయని 1982 జనవరిలో కంపెనీ సగం మందిని ఇంటికి పంపింది. ఆ సగంలో అతనొకడు. ఎప్పుడో సెలవుల్లో సరదాగా వేసుకున్న రెండు బొమ్మలు ఇంట్లో ఉండేవి. ఒకదాంట్లో పేతురు గోదావరిలో వల విసురుతున్నాడు. రెండోదాంట్లో ప్రభువు పులస పులుసు వడ్డిస్తున్నాడు. నవోమి అతనికి చెప్పకుండా వాటిని కళల మండలికి పంపింది. మండలి వాళ్లు మురిసిపోయి ఏకంగా గ్రాంటు ఇచ్చారు. ఆ రోజు నుంచీ అతను ఇంట్లో ఉన్నంతసేపూ గరాజ్ తలుపు వేసుకుని లోపలే ఉంటున్నాడు. సగంలో ఉన్న బొమ్మని ఎవరూ చూడకూడదట.

నవోమి గుంటూరులో ఎనిమిదేళ్లు స్టాఫ్ నర్సుగా చేసింది. ఈ దేశంలో లైసెన్సు పరీక్ష పాసయ్యేదాకా ఆవిడ పని రోగులకి పక్కలు మార్చడం, ఒళ్లు తుడవడం. కిందటేడు డబుల్ డ్యూటీ చేసి నేరుగా పరీక్షకి వెళ్లి, రెండో పేపరు మీద తలపెట్టి నిద్రపోయింది. ఈసారి పరీక్ష జులైలో. భృతి చెక్కు వస్తున్నంతకాలం ఒక్క డ్యూటీ చేసి, మిగతా పొద్దంతా చదువుకోవచ్చు. చెక్కు ఆగితే మళ్లీ డబుల్ డ్యూటీలు, మళ్లీ అదే నిద్ర.

ఆవిడ వెళ్లి గరాజ్ తలుపు బాదింది. ప్రేమానందం కాస్తంత తెరిచి, తను బయటికొచ్చి, వెనక తలుపు మూసేశాడు. సంగతి విని అతని మొహం పాలిపోయింది.

"పదహారు అందా?"

"ఆ."

"సరిగ్గా పదహారేనా?"

"పదిహేనైతే పర్లేదా మీకు? ఎవడో మన మీద రిపోర్ట్ చేశాడండీ! వాడెవడో కనుక్కోవాలి."

"కనుక్కుని ఏం చేస్తాంలే నవోమీ," అని గొణుక్కుంటూ అతను మళ్లీ లోపలికి వెళ్లిపోయాడు. పాపం, ఎంత మెత్తని మనిషి అనుకుంది నవోమి.

అనుమానం మొదట ఎదురింటాయన మీదికి పోయింది. గడ్డి కొయ్యలేదని రెండుసార్లు గొడవ పెట్టుకున్న మనిషి. కానీ ఆయనకి ప్రేమానందం పేరు పలకడమే రాదు, ఇంక పితూరీ ఏం చెబుతాడు? తర్వాత ఆవిడకి ఆమోసు అంకుల్ గుర్తొచ్చాడు. చర్చిలో తెలుగు సంఘానికి పెద్ద. ఉద్యోగం రోడ్ల ఇంజినీరు. ప్రేమానందం దీక్ష గురించి ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చెప్పేది ఆయనే. ఫోన్ చేసింది.

"నేనా? నేనెందుకు చెప్తానమ్మా! ఎవడో కుళ్లుమోతు వెధవ పనిది. నువ్వేం బెంగపెట్టుకోకు. గురువారం నేనొస్తా. ఆ మేడమ్‌తో నాలుగు మంచి మాటలు మాట్లాడతా."

"వద్దంకుల్. మాటలేం వద్దు. ఊరికే ప్రేయర్ చెయ్యండి చాలు."

అక్కడే పొరపాటు జరిగింది. ఆ ఇంట్లోనే ఇంకో గదిలో ఫోను ఎత్తి వింటున్న ఆయన భార్య మణి ఆంటీకి ప్రేయర్ అనే మాట చెవిన పడింది. ఆ సంఘంలో ఒకరికి కష్టం వస్తే మణి ఆంటీ ఒక ఇంటికి ఫోన్ చేస్తుంది, ఆ ఇంటివాళ్లు ఇంకో ఇంటికి చేస్తారు. అలా గంటలో అందరూ మోకాళ్ల మీద ఉంటారు. మణి ఆంటీ చెప్పినప్పుడు అది ఆఫీసు పిలుపు. రెండో ఇంటికి వెళ్లేసరికి కేసయింది. నాలుగో ఇంట్లో కోర్టయింది. ఆఖరి ఇల్లు చేరేసరికి, ప్రేమానందం గవర్నమెంటు సొమ్ము తినేశాడని గురువారం పట్టుకుపోతున్నారు.

బుధవారం మధ్యాహ్నం నవోమి పుస్తకం తెరిచిందో లేదో, బెల్లు మోగింది. ఒకాయన ఉన్ని మేజోళ్లు పట్టుకొచ్చాడు. "లోపల చలిగా ఉంటుందటమ్మా," అన్నాడు నెమ్మదిగా. ఆయన వెళ్లాక ఒకావిడ డబ్బా నిండా గులాబీ పువ్వులు వండుకొచ్చింది. క్రిస్మస్‌కి తప్ప ఎప్పుడూ వండని మనిషి. సోఫాలో కూర్చుని ఏడ్చి, తనే నాలుగు తిని వెళ్లింది. సాయంత్రం ఇంకొకాయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరు తన్ని చూసి, లోపలికొచ్చాడు.

"తప్పుగా అనుకోకు నవోమీ. ఒకవేళ మిమ్మల్ని ఇండియా పంపించేస్తే ఈ కారు మాకే ఇవ్వండి. బయటివాళ్లకి ఎందుకు?"

నవోమి ఒక్కొక్కరికీ అసలు సంగతి వివరించింది. అందరూ జాలిగా తల ఊపారు. ఎవరూ నమ్మలేదు. ఆ రోజు పుస్తకంలో ఒక్క పేజీ తిరగలేదు.

గురువారం పదింటికి ఆఫీసు ముందు నవోమి, ప్రేమానందం కారు దిగారు. అక్కడ రెండు వ్యాన్లు ఆగి ఉన్నాయి. సంఘమంతా ఆదివారపు బట్టల్లో వరసగా నిలబడి ఉంది. ముందు ఆమోసు. టై కట్టుకున్నాడు.

"అంకుల్, రావద్దన్నాను కదా!"

"నీకు తెలీదమ్మా. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఆయన ధైర్యానికి కారణం ఉంది. ఆయన ఎరిగిన లోకంలో, ఎవరికైనా ఆఫీసులో పని పడితే నలుగురు పెద్దమనుషులు వెంట వెళతారు. కుర్రాడు బుద్ధిమంతుడండీ, కష్టజీవండీ, క్షణం ఖాళీగా కూర్చోడండీ అని చెబుతారు. కాలేజీ సీటుకైనా, బదిలీకైనా అదే మందు. బందరు నుంచి ఏలూరు దాకా ఎంతమందికో ఆ మందు వేసి నయం చేసిన చెయ్యి ఆయనది. ఈ ఒక్క ఆఫీసులో మాత్రం కష్టపడటమే నేరమని ఆయనకి తట్టలేదు.

మిసెస్ లిండ్‌క్విస్ట్ గది చిన్నది. ఇద్దరు పట్టే చోట పద్నాలుగు మంది పట్టారు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. వాళ్లు తగ్గలేదు.

"వీళ్లంతా ఎవరు?"

"మేడమ్," అన్నాడు ఆమోసు, చేతులు కట్టుకుని, "ఈ అబ్బాయి సోమరి కాదు. ఆ ముక్క చెప్పడానికొచ్చాం. తెల్లారకముందే గరాజ్‌లోకి వెళతాడు. అన్నం పిలిచినా రాడు. ఇలాంటి కష్టజీవిని నేను నా సర్వీసులో చూళ్లేదు."

మిసెస్ లిండ్‌క్విస్ట్ రాసుకుంది. నవోమి ఆయన మోచెయ్యి పట్టుకుని లాగింది. "అంకుల్, చాలు," అంది పళ్ల బిగువున.

"చాలేంటమ్మా, ఇంకా మొదలెట్టలేదు."

వెనక నుంచి మణి ఆంటీ అందుకుంది. "ఎవరైనా వచ్చి ఉద్యోగం ఇస్తాం రమ్మని కాళ్లు పట్టుకున్నా వెళ్లడండీ! బొమ్మే లోకం అతనికి." నవోమి ఆవిడ కాలు తొక్కింది. "అబ్బా!" అంది ఆంటీ. మిసెస్ లిండ్‌క్విస్ట్ ఇంకో రెండు వాక్యాలు రాసుకుంది.

"మంచిది," అందావిడ పెన్ను కింద పెట్టి. "మీకు రూల్ చెబుతాను. గ్రాంటు తీసుకోవడం తప్పు కాదు. దానికి బదులుగా ఈయన ఏదీ చేసి ఇవ్వక్కర్లేదని మండలి వాళ్లే చెప్పారు. అంటే అది బహుమతి లాంటిది. జీతం కాదు. కానీ భృతి ఎవరికి ఇస్తాం? రేపు ఉద్యోగం దొరికితే రేపే వెళ్లగలిగినవాళ్లకి. రోజుకి పదహారు గంటలు సొంత పనిలో మునిగి, ఉద్యోగమిచ్చినా రానివాళ్లకి ఇవ్వం. ఇప్పటిదాకా ఇచ్చింది కూడా వెనక్కి అడుగుతాం. కాబట్టి ఒక్కటే ప్రశ్న. మిస్టర్ ప్రేమానందం, మీరు బొమ్మలు వేస్తున్నారా, లేదా?"

గదిలో ఎవరూ ఊపిరి తియ్యలేదు. తియ్యడానికి చోటూ లేదు. నవోమి కళ్ల ముందు పరీక్ష హాలు, రెండో పేపరు, దాని మీద తన తల కనిపించాయి.

ప్రేమానందం లేచాడు. "వెయ్యడం లేదండీ," అన్నాడు.

ఆమోసు మొహం వెలిగిపోయింది. "చూశారా మేడమ్! వినయం! మాలో గొప్పవాళ్లంతా ఇంతే. పాట అద్భుతంగా పాడినవాడు కూడా గొంతు బాగాలేదంటాడు."

"వినయం కాదు అంకుల్. నిజంగానే వెయ్యట్లేదు."

"ఇంకా వినయం," అంది మణి ఆంటీ, కాలు రుద్దుకుంటూ. వెనక ఎవరో "స్తోత్రం" అన్నారు.

మిసెస్ లిండ్‌క్విస్ట్ అయోమయంగా నవోమి వైపు తిరిగింది. "మీవాళ్లలో లేదంటే ఉందని అర్థమా?"

నవోమి మొగుడి మొహంలోకి చూసింది. పదకొండేళ్ల కాపురం. సిగ్గుపడుతూ నిజం ఒప్పుకునేటప్పుడే ఆ చెవులు ఎర్రబడతాయని ఆవిడకి తెలుసు. ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి.

"మేడమ్, మా ఆయనకి చాలా మంచి గుణాలున్నాయి. వినయం వాటిల్లో లేదు. చెప్పనివ్వండి."

"మొదటిరోజు కాన్వాస్ బిగించానండీ," అన్నాడు ప్రేమానందం. "పేతురు పడవ వేద్దామని కూర్చున్నాను. తొమ్మిదేళ్లు బోల్టులు గీసిన చెయ్యి కదా, పడవ వెయ్యబోతే పడవకి బోల్టులొచ్చాయి. చెరిపేసి పేతురుని వేశాను. మోకాళ్ల దగ్గర వాషర్లొచ్చాయి. అదీ చెరిపేశాను. మూడు నెలలైంది. కాన్వాస్ తెల్లగా ఉంది. పొద్దున కంపెనీల చుట్టూ ఉద్యోగానికి తిరిగొస్తాను, తర్వాత గరాజ్‌లో పడుకుంటాను. రేపు కాదు, ఇవాళ ఉద్యోగమిచ్చినా పరిగెత్తుకుంటూ వెళతాను."

మిసెస్ లిండ్‌క్విస్ట్ ఫైలు తిరగేసింది. అతను వారం వారం తిరిగిన కంపెనీల పేర్లన్నీ అందులో ఉన్నాయి. ఆవిడ చాలా రోజుల తర్వాత నవ్విన మనిషిలా నవ్వింది.

"మిస్టర్ ప్రేమానందం, ఈ గదిలో ఇంత మంచి జవాబు ఎవరూ చెప్పలేదు. మీరు ఏ పనీ చెయ్యడం లేదు. అభినందనలు. చెక్కు ఇవాళే పంపుతాం. గ్రాంటు కూడా మీదే."

నవోమి కుర్చీలో కూలబడింది. జులై వెనక్కి వచ్చింది. ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక రెండూ మొదలుపెట్టింది.

సంఘం మాత్రం నవ్వలేదు. "మూడు నెలలు ఖాళీగా పడుకున్నాడా?" అన్నాడు ఆమోసు, నీరసంగా. "వీడి కోసమా నేను టై కట్టుకుంది!"

నవోమి కళ్లు తుడుచుకుంది. ఒక్క లెక్క ఇంకా తేలలేదు. "ఇప్పుడైనా చెప్పండి మేడమ్. పదహారు గంటలని మీకు చెప్పిందెవరు?"

"కళల మండలి డైరెక్టరు. గ్రాంటు వివరాల కోసం నేను ఫోన్ చేస్తే, ఎంతో గర్వంగా చెప్పింది."

"ఆవిడకెవరు చెప్పారు?"

మిసెస్ లిండ్‌క్విస్ట్ ప్రేమానందం వైపు చూసింది. సంఘమూ చూసింది. ఆఖరున నవోమి చూసింది.

"నేనే," అన్నాడు ప్రేమానందం. "ఆవిడ ఫోన్ చేసి ఎలా సాగుతోంది, రోజుకి ఎంతసేపు వేస్తున్నారు అని అడిగింది నవోమీ. నిజం చెబుదామనే నోరు తెరిచాను. ఆ రోజు ఎవరో రాలేదని నీకు డబుల్ డ్యూటీ వేశారు. పదహారు గంటలు చేసొచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా సోఫాలో పడి నిద్రపోతున్నావు. నిన్ను చూస్తూ అంతకంటే ఒక్క గంట తక్కువ చెప్పడానికి సిగ్గేసింది. అన్నాక ఇంక వెనక్కి తీసుకోలేకపోయాను. రోజూ నువ్వొచ్చే టైముకి చేతులకి కాస్త రంగు పూసుకునేవాణ్ణి. నీలమే ఎక్కువ పూసుకునేవాణ్ణి, పొద్దంతా ఆకాశం వేశాననుకుంటావని."