శిరోభారం ఎన్ని గ్రాములు?

ఈ దేశం ముందుకు పోకుండా అడ్డం పడుతున్నది ఎవరో నాకు తెలిసిపోయింది. చేపలు! యారాడ కొండ కింద తిరిగే కోనాల్లారా, పారల్లారా, మీ మొహం మీదే అంటున్నాను, దోషులు మీరే! మీకోసం ఒక కమిటీ పదకొండు నెలలు కూర్చుంది. మీరు ఏ గాలానికి పడాలో తీర్మానం చేసింది. దానికింద ఏడుగురు సంతకాలు పెట్టారు. రబ్బరు స్టాంపు కూడా కొట్టారు. అయినా మీరు ఆ గాలం వంక తిరిగి చూడరేం? స్టాంపు కనబడలేదా? నీళ్ళలో కళ్ళు మూసుకుని ఈదుతున్నారా?

ఆ కమిటీ పేరు తీర మత్స్య పరికరాల ఎంపిక ఉపసంఘం. దాన్ని ఊరంతా తిడుతోంది. తిట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఉపసంఘం మనకు చేసింది మేలు. మహా మేలు! ఎలాగో చెబుతాను, కూర్చోండి.

సముద్రం ఒడ్డున పుట్టి, బీచిలో బఠాణీలు తినడం తప్ప ఏమీ ఎరగని పాఠకులకు ముందో మాట. గాలం మెడ దగ్గర సీసం ముద్ద పోస్తారు. దాన్నే తల అంటారు. ఎరని అడుక్కి దింపేది ఆ తలే. తల తేలికైతే నీటి లాగుడుకి ఎర కొట్టుకుపోతుంది. బరువైతే రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. అప్పుడు గాలమూ పోయె, దానికి కట్టిన తంగూసు దారమూ పోయె. అడుగు తగలాలి, అడుగున కూర్చోకూడదు. ఇంతే విద్య. ఈ 'ఇంతే' నేర్చుకోడానికి యారాడ సూరన్నకి ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

పాపం సూరన్న! ఉపసంఘం రాకముందు అతని బతుకు ఎంత దుర్భరం! తెప్ప తోసేముందు రోజూ ఎంచుకోవాలి. నీరు నిలిచి ఉంటే చింతగింజంత తల. కాస్త లాగుతుంటే కుంకుడుకాయంత. కొండ ముక్కు దగ్గర నీరు పరుగెడుతుంటే ఉసిరికాయంత. అరచేతిలో వేసి రెండుసార్లు ఎగరేసేవాడు, సరిపోతుందనుకున్నది పక్కన పెట్టుకునేవాడు. అతని పెళ్ళాం నూకాలు పొయ్యి మీద ఇనప గరిటెలో సీసం కరిగించి, ఇటుకలో తొలిచిన గుంటలో పోసి ఇచ్చేది. రోజూ ఇదే గొడవ! ఇంత బుర్ర ఒక్క మనిషే వాడేస్తే ఆఫీసులకి ఏం మిగులుతుంది?

ఈ బాధ చూడలేక ఉపసంఘం రంగంలోకి దిగింది. అధ్యక్షులు శ్రీరామ్మూర్తిగారికి అలల చప్పుడు వింటే కళ్ళు తిరుగుతాయి. అందుకని సమావేశాలు సముద్రం కనబడని పెందుర్తిలో పెట్టుకున్నారు. శాంపిల్ గాలాల్ని బకెట్టు నీళ్ళలో దించి పరీక్ష చేశారు. ఒక్కటీ కొట్టుకుపోలేదు! ఒక్కటీ రాళ్ళలో ఇరుక్కోలేదు! బకెట్టులో చేప లేదు కదా అని ఒక సభ్యుడు గొణిగితే, చేపల సంగతి వేరే ఉపసంఘం చూసుకుంటుందని అధ్యక్షులు నచ్చజెప్పారు.

ఆ తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఎవరూ ఇంట్లో సీసం పోసుకోకూడదు. పోసుకున్నవాడికి తంగూసు చీటీ రద్దు. చీటీ లేకపోతే దారం ఇవ్వరు. దారం లేకపోతే తెప్పెక్కి సముద్రానికి దణ్ణం పెట్టుకుని రావడమే. గాలాలు కావలసినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, ఉపసంఘమే ఎంచి పంపిస్తుంది.

దరఖాస్తు ఇంగ్లీషులో ఉంటే పామరుడికి ఎలా? తెలుగులోనే ఉండాలన్నారు. మంచిదే! ఇంగ్లీషు కాయితంలో గాలం తల బరువు ఎన్ని గ్రాములు అని ఉంది. ఎవరో పండితుడు నిఘంటువు ముందేసుకుని దాన్ని చక్కటి తెలుగు చేశాడు. 'దరఖాస్తుదారునికి శిరోభారము కలదా? కలిగినచో ఎంత?'

యారాడలో కాయితం చదివిపెట్టేది కంపౌండరు శుభాకర్. సూరన్న, నూకాలు, నూకాలు అన్న చలమయ్య ముగ్గురూ వెళ్ళి అతని గుమ్మంలో కూర్చున్నారు. శుభాకర్ కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"శిరోభారం అంటే తలనొప్పి, సూరన్నా. నీకు తలనొప్పి ఉందా అని అడుగుతున్నారు."

"నాకా? నాకేటి నొప్పీ నేదు బాబూ. గాలానికీ నా తలకీ ఏటి సమ్మందం?"

"గవర్నమెంటు కదా! జబ్బు మనిషి సముద్రంలోకి పోకూడదని అడుగుతున్నారేమో."

"అయితే నేదని రాసియ్యండి. గట్టిగా రాయండి."

చలమయ్య ముందుకు జరిగాడు. "నాకు మాత్తరం ఉందని రాయండి బాబూ. మందుబిళ్ళలు ఊరికే ఇత్తారేమో."

"ఎంత ఉంది?"

"రొండు పక్కలా ఉంది. మా సెల్లి నోరిప్పితే మరీని."

"ఏటన్నా, నా నోటికా నొప్పి?" అంది నూకాలు. "నువ్వు తాగొచ్చిన సారాకి కాదూ?"

శుభాకర్ చెప్పింది చెప్పినట్టు రాశాడు. కింద వేలిముద్రలు పడ్డాయి.

మూడు వారాలకి పెట్టెలు వచ్చాయి. మన ఆఫీసులు సరిగ్గా పని చెయ్యవని కూసేవాళ్ళు ఇక్కడ కాస్త చెవులు రిక్కించండి. రాసింది రాసినట్టు, అక్షరం పొల్లుపోకుండా పంపించారు! సూరన్న పెట్టెలో పన్నెండు గాలాలు, ఒక్కదానికీ తల లేదు. పైన చీటీ: 'శిరోభారము: లేదు.' చలమయ్య పెట్టెలో గాలాలకి బత్తాయికాయంత సీసం. అదీ రెండు పక్కలా! మెడ దగ్గర ఒక ముద్ద, కొస దగ్గర ఒక ముద్ద. గాలం మొన సీసంలో కూరుకుపోయి కనబడనే లేదు. చేపకి గుచ్చుకుంటుందన్న భయం లేదు, మనం కూడా దాన్ని తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. ఇంత అహింస ఏ దేశంలో ఉందండీ?

కోనాలు యారాడ కొండ దగ్గరికి వచ్చేది ఏడాదికి ఓ నలభై రోజులు. అందులో పద్దెనిమిది రోజులు సూరన్న బోడి గాలం వేశాడు. నీటి మీద గడ్డిపరకలా తేలింది. రాయి కట్టాడు, జారిపోయింది. పాత మేకు చుట్టాడు, ఎర తిరగబడింది. కళ్ళముందు కోనాలు వెండి రేకుల్లా తిరుగుతుంటే ఖాళీ తెప్ప లాక్కొచ్చాడు.

నూకాలు మాత్రం రేపు తెస్తానని చెప్పుకోడానికి ఖాళీ గంపే ఎత్తుకుని కూర్మన్నపాలెం దాకా వెళ్ళివచ్చేది. అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఆమెకి పదకొండు ఇళ్ళ వాడుక ఉంది. ఏళ్ళ తరబడి తిరిగి సంపాదించిన వాడుక. మొదటివారం వాళ్ళు, "రేపు తప్పకుండా తీసుకురా" అన్నారు. రెండోవారం ఆ ఇళ్ళలో ఒకటైన గౌరీశ్వరిగారింటి గుమ్మంలో వేరే మనిషి గంప దింపుకుని చేప తరుగుతోంది. నూకాలు గంప చంకన పెట్టుకుని ఆ వీధిలోంచి తిరిగివచ్చింది.

"గరిటెడు సీసం పొయ్యి మీద పెడితే పోయీదానికి ఇన్ని తిప్పలేటయ్యా?" అని మొగుడి మీద విరుచుకుపడింది.

"సీటీ పోతాదే."

"సీటీ దాసుకుని కూరొండుకుందావా? మరో నాలుగిళ్ళు పోతే ఆ గంపెందుకు నాకు? ఎల్లి అడుగు!"

సూరన్న ఉతికిన చొక్కా తొడుక్కుని ఉపసంఘం ఆఫీసుకి వెళ్ళాడు. గుమస్తా గురునాథరావు ఫైలు తీశాడు.

"నీకు శిరోభారం లేదని నువ్వే రాయించావు. ఈ వేలిముద్ర నీది కాదా?"

"నాదే బాబూ. అది నా తల సంగతి. గాలం తల గురించి నన్నెవులూ అడగనేదు."

"కాయితంలో శిరస్సు అని ఉంది. ఏ శిరస్సో నువ్వు తెలుసుకోవాలి."

"మరిప్పుడు సీసం కావాలంటే ఏటి సెయ్యాల?"

"తలనొప్పి ఉందని డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకురా. ఎంత ఉందో గ్రాముల్లో రాయించు."

చూశారా దయ! కాదు పొమ్మన్నాడా? లేదే! దారి చూపించాడు. పైగా ఆ ఆఫీసు మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగినవాడికి ఆ సర్టిఫికెట్ సంపాదించడం ఏమంత కష్టం?

బల్ల మీద శాంపిళ్ళ పెట్టె తెరిచి ఉంది. పాతిక రకాల తలలు. సూరన్న ఫైలు వంకే చూస్తూ పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఒకటి అరచేతిలో ఎగరేసి వదిలేశాడు. ఇంకొకటి తీశాడు. అలా మూడు ఏరి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఇది నీరు నిలిచినప్పటికి. ఇది లాగుడికి. ఇది కొండ ముక్కు కాడికి. ఈ మూడు రకాలూ ఇప్పించండి బాబూ, నానింకేటీ అడగను."

గురునాథరావుకి ఆశ్చర్యం వేసింది. "చూడకుండా ఎలా ఎంచావు?"

"నా సెయ్యి సెప్తాది."

గురునాథరావు దరఖాస్తుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నిజంగానే వెతికాడు. చెడ్డవాడు కాదు.

"చెయ్యి అనే కాలమ్ లేదు, సూరన్నా," అన్నాడు. మూడు తలలూ పెట్టెలో వేసి మూత పెట్టేశాడు.

పాఠకులారా, మెచ్చుకోవడం ఇక నావల్ల కాదు. ఇక్కడితో ఆపేస్తున్నాను. ఉపసంఘం పెద్దలారా, మీతో మాట్లాడుతున్నాను, వినండి! మీరు తీసుకుంది సీసం కాదు. ఆ మనిషి అరచేతిలో ఉన్న ముప్ఫయ్యేళ్ళ చదువు లాక్కుని, దాని బదులు మీకే అర్థంకాని ఒక మాట చేతిలో పెట్టారు. పైగా తప్పు అతని వేలిముద్రదన్నారు. మీ బకెట్టుకి దక్కిన మర్యాద యారాడ మనిషికి దక్కలేదు. రేపో మాపో లక్షల టన్నుల ఉక్కు పోస్తామని గోడల నిండా రాసుకున్న ఊరండీ ఇది! ఈ ఊళ్ళో ఒక ఆడమనిషి తన పొయ్యి మీద గరిటెడు సీసం కరిగించుకుంటే నేరమా?

కోనాలు ఇంకో ఇరవై రెండు రోజులు ఉంటాయి. మీ పరిశీలన కోసం అవి ఆగవు. కాబట్టి సవరణలు వద్దు, కొత్త ఫారాలు వద్దు, చక్కటి తెలుగు అసలే వద్దు. సూరన్న చీటీ మీద ఉన్న బెదిరింపు ఇవాళే కొట్టెయ్యండి. ఇంట్లో సీసం పోసుకోకూడదన్న ఆ ఉత్తర్వుని రేపు తెప్పలు కదిలేలోగా చింపెయ్యండి. చింపడానికి ఉపసంఘం అక్కర్లేదు. రెండు చేతులు చాలు.