యెరూషలేముకు తాండూరు మీదుగా

స్వర్గానికి పోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, చస్తే చాలు. యెరూషలేముకు పోవాలంటే మాత్రం బతికున్నట్టు పెద్దమనుషులు సాక్ష్యం చెప్పాలి. ఈ సత్యాన్ని లోకానికి చాటిన ఘనత, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు వికారాబాదులో వెలసిన పరిశుద్ధ భూమి యాత్రా సంఘానిది. (కమిటీ అని కూడా అనేవారు. కమ్మని టీ దొరికేది కనుక.)

సంఘాధ్యక్షులు అంజిలయ్యగారు. గూడ్సు ఆఫీసులో బస్తాలకు చీటీలు కట్టి కట్టి రిటైరయ్యారు. ఆ తర్వాత చీటీ లేని మనిషిని చూస్తే ఎవరి సామానో ఆయనకు అర్థమయ్యేది కాదు. కార్యదర్శి సుధాకర్, బడిపంతులు. అధ్యక్షులవారు తుమ్మినా తీర్మానంగా రాసేవాడు.

ఎవరో దాత పుణ్యాన సంఘానికి ఒక్క టికెట్టు వచ్చింది. షరతు ఒక్కటే, పోయేది పల్లెటూరి విశ్వాసి అయి ఉండాలి. చీట్లు వేశారు. బొంరాస్‌పేట కూలి మనిషి రాహేలమ్మ పేరు వచ్చింది. గాలికి చీటీ కదిలిందన్న అనుమానంతో మళ్లీ వేశారు. మళ్లీ ఆమే. దేవుడు పట్టుదల మనిషని అప్పటికి ఒప్పుకున్నారు.

రాహేలమ్మకిది విహారం కాదు. కాన్పులో బిడ్డకు ప్రాణం మీదికొచ్చిన నాడు, అది బతికితే యొర్దాను నదిలో కాళ్లు తడుపుతానని మొక్కింది. బిడ్డ బతికింది. మొక్కు మాత్రం ఏళ్ల తరబడి ఆమె గుండె మీద గుండులా కూర్చుంది.

సంఘం దీర్ఘంగా ఆలోచించింది. రైలే ఎక్కని మనిషి అంత దూరం పోయి ఏదైనా పొరపాటు చేస్తే పోయేది ఎవరి పరువు? పాస్‌పోర్టుకు ముందు మా దగ్గర పాసవ్వాలి అన్నారు. అందుకు చుట్టుపక్కలే తర్ఫీదు యాత్ర ఏర్పాటు చేశారు. అనంతగిరి, ఒలీవల కొండ. ఒలీవ చెట్లు లేవు కనుక సీతాఫలాలను ఒలీవలుగా భావించవలెను. కొండ కింది వాగు, యొర్దాను. తమ ఊరికేమీ రాలేదని తాండూరు సభ్యులు అలిగితే వాళ్లకు ప్రభువు సమాధి ఇచ్చారు. (బండల గనుల ఊరు. సమాధికి అడ్డం పెట్టే రాయికి కరువా?) బొంరాస్‌పేట నుంచి వచ్చే బండిబాటలో తాండూరే ముందు తగులుతుంది కనుక పునరుత్థానం ముందు, బాప్తిస్మం తర్వాత జరగాలని తీర్మానించారు. సువార్తలకు అభ్యంతరం ఉండవచ్చు. కానీ ఎద్దుల మేత ఖర్చు సువార్తలు భరించవు.

రాహేలమ్మ సరేనంది. అయితే దేవుడి దగ్గరికి ఒంటరిగా పోవడం ఆమె ఎరగదు. జాతరంటే ఊరు కదలాలి, బండ్లు కట్టాలి, అక్కడే పొయ్యి పెట్టాలి, వండింది అందరికీ పెట్టాలి. వాడకట్టునంతా బండ్లలో వేసుకుని వచ్చేసింది. తాండూరు గనిలో ఎవరూ చెప్పకుండానే ఏడ్చింది. సభ్యులు నిండా మార్కులు వేశారు. కొండ మీద సుధాకర్ సీతాఫలం చూపించి ఇదేమిటని అడిగాడు.

"నువ్వేదంటే గదే, పంతులూ. జర పండనియ్యి" అంది. ప్యాసు.

వాగులో కాళ్లు తడిపి, గట్టున జొన్నరొట్టెలు చేసి, మాంసం వండి, సంఘ సభ్యులకు కొసరి కొసరి వడ్డించింది. బంతి లేచాక చేతులు కడుక్కుంటూ, జాతరలో ప్రతి ఆడమనిషీ అలవాటుగా అనే మాటే అంది.

"మొక్కు ముట్టింది, ప్రభువా."

ఆ మాట పడితే మొక్కు తీరినట్టేనని ఆ ప్రాంతంలో ఎవరిని అడిగినా చెబుతారు. అంజిలయ్యగారు మూలుగ బొక్క చప్పరించడం ఆపారు.

"రాస్కో, సుధాకర్" అన్నారు.

మర్నాటి సమావేశంలో సంగతి తేలిపోయింది. మొక్కు ముట్టిన మనిషి మళ్లీ పోతే అది యాత్ర కాదు, షికారు. దాతగారి టికెట్టు షికారుకు చెల్లదు. పైగా ఆమె యెరూషలేము చూసినట్టు సభ్యులే సాక్షులు. అది నోటి అలవాటయ్యా, నేను దిగింది వాగులోనే కదా అని రాహేలమ్మ బతిమాలింది. సంఘం యొర్దానుగా ప్రకటించిన దాన్ని వాగు అనడం ధిక్కారమని, ఇక వాగింది చాలని సుధాకర్ నచ్చజెప్పాడు.

ఖాళీ అయిన టికెట్టుకు పల్లెటూరి విశ్వాసి కావలసి వచ్చాడు. అంజిలయ్యగారు నవాబుపేటలో పుట్టిన సంగతి అందరికీ అప్పుడే గుర్తొచ్చింది.

ఆయన పోయారు, వచ్చారు. స్టేషను నుంచి మేళాలతో ఊరేగించారు. సన్మానసభలో ఆయన యొర్దాను చల్లదనాన్ని గొంతు తడారేదాకా వర్ణించి, కళ్లారా యెరూషలేము చూడని జన్మ జన్మే కాదన్నారు. ఆడవాళ్ల వైపు నుంచి రాహేలమ్మ లేచింది. కొంగు సర్దుకుని, మెల్లగానే అడిగింది.

"పెద్దయ్యా, నేను యెరూషలేం చూసొచ్చిన్నని మీరే రాసుకున్నరు. మరి మీరు పోయొచ్చింది ఏ ఊరికి?"

ప్రశ్న జటిలమైనదని సంఘం గుర్తించింది. విచారణకు వెంటనే ఉపసంఘం వేసింది. స్థలపరిశీలన నిమిత్తం ఉపసంఘం వచ్చే ఏడు యెరూషలేము వెళుతోంది.