పైకప్పు వార్డు

మానసిక ఆసుపత్రి మూడో వార్డులో కొత్త మందు వేసుకున్న రోగుల మెడలు వెనక్కి వాలి, కళ్ళు పైకి నిలబడిపోతుండటంతో, ఆసుపత్రివాళ్ళు గడియారాన్నీ నోటీసు బోర్డునీ సందర్శకుల కుర్చీలనూ పైకప్పుకి మార్చారు. కుర్చీలు తలకిందులుగా బిగించారు. చూడవచ్చినవాళ్ళు నిచ్చెన ఎక్కి వాటిలో కూర్చునేవారు. మొదటి వారం ఆడవాళ్ళు చీరలు గట్టిగా పట్టుకున్నారు. తర్వాత చీరలే జారడం మానేశాయి.

ఏర్పాటు బాగానే నడిచింది. పైకి చూసేవాళ్ళు గొడవ చెయ్యరు. రికార్డులో 'చూపు' అన్న గడిలో 'పైకి' అని ఉంటే రోగి కుదుటపడ్డట్టే.

మంగళవారం ఉదయం కొత్త నర్సు ఎస్తేరమ్మ, వరహాలు అనే రోగి మంచం దగ్గర ఆగింది. అతని దవడ బిగిసిపోయి ఉంది. పైన కుర్చీలో అతని భార్య నూకరత్నం కూర్చుని ఉంది.

"నన్నే సూస్తన్నాడు సిస్టరమ్మా. పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఇంతసేపెప్పుడూ సూళ్ళేదు."

"చూడ్డం కాదమ్మా, కళ్ళు దిగట్లేదు. మందు పడక ఇలా అయింది. బాగా నొప్పి."

ఎస్తేరమ్మ అతని ఊపిరి చూసింది. డాక్టరుకి ఫోను చేసింది. అవసరమైతే ఎవరికైనా విరుగుడు వెయ్యమన్నాడాయన. ఆమె విరుగుడు సూది వేసి, వరహాలు చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"భయపడకు బాబూ. ఇది నీ జబ్బు కాదు, మందు చేసిన పని. అరగంటలో తగ్గుతుంది. అందాకా నేను కదలను."

ఇరవై నిమిషాలకి మెడ దిగింది. వరహాలు వార్డంతా చూశాడు. ముప్ఫై మంచాల మీద ముప్ఫై గడ్డాలు పైకి లేచి ఉన్నాయి.

"ఈళ్ళందరికీ నొప్పేనా, సిస్టరు?"

హెడ్ నర్సు తులసీబాయి వచ్చి రికార్డు నింపింది. చూపు: ఎదురుగా. మాట: ప్రశ్నలు. జబ్బు తిరగబెట్టింది. మోతాదు రెట్టింపు.

"మిగతావాళ్ళకీ విరుగుడు వేస్తాను మేడం," అంది ఎస్తేరమ్మ.

"ముప్ఫైమందికీ జబ్బు తెప్పిస్తావా?" నెమ్మదిగానే అడిగింది తులసీబాయి.

వరహాలు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మోతాదు పెంచకండమ్మా. నానే పైకి సూస్తాను," అని, తనంతట తానే మెడ వెనక్కి వాల్చాడు. తులసీబాయి 'ఎదురుగా' కొట్టేసి 'పైకి' అని రాసింది. ఎస్తేరమ్మ అతని మెడ తాకింది. కండరం మెత్తగా ఉంది. అది రాయడానికి గడి లేదు.

సాయంత్రానికి అందరికీ విరుగుడు సూదులు పడ్డాయి. వేస్తూ ఒక్కొక్కరి చెవిలో చెప్పింది ఎస్తేరమ్మ. "నొప్పి పోతుంది. మెడ మాత్రం దించకండి."

ఎవరూ దించలేదు. మర్నాడు రౌండ్సుకొచ్చిన డాక్టరు, ఎందరు కుదుటపడ్డారని అడిగాడు.

"అందరూ సార్," అంది ఎస్తేరమ్మ, పైకప్పు వంక చూస్తూ.