మైనస్ ఎనిమిది గంటల ప్రయాణం

భూమి గుండ్రంగా ఉందన్న ప్రతిపాదనను మా ఆఫీసు ఇంకా ఆమోదించలేదు. ఫైలు నడుస్తోంది.

మాది మాదాపూర్‌లో ఈ మధ్యే అద్దాలు బిగించుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇందులో ప్రయాణకాల నిర్ధారణ విభాగం ఉంది. దాని అధిపతి కామేశ్వరరావుగారు ముప్పై ఏళ్లు బస్సుల రాకపోకలు రాసిన మనిషి. ఆయన సూత్రం ఒక్కటే: చేరిన సమయంలోంచి బయలుదేరిన సమయం తీసేయాలి. మిగిలిందే ప్రయాణం.

మా నీహారిక జపాన్‌లో పని ముగించుకుని శనివారం సాయంత్రం అయిదింటికి విమానమెక్కింది. తొమ్మిది గంటలు పసిఫిక్ సముద్రం మీద ఎగిరి, అమెరికాలో అదే శనివారం ఉదయం తొమ్మిదింటికి దిగింది. (దారిలో తారీఖు మారే గీత ఉందట. ఆ అమ్మాయిది శనివారం ఉపవాసం. ఒకే శనివారం రెండుసార్లు వస్తే ఎన్ని ఉపవాసాలన్నది నా సందేహం. స్వామి సర్దుకుంటాడు గాని, ఆయన మా ఆఫీసులో పనిచేయడు.)

సెలవు రోజున ఎనిమిది గంటలు, ఆపైన ప్రయాణిస్తే మరో రోజు సెలవివ్వాలన్నది నిబంధన. అక్కడి పనీ ముగించుకుని ఆఫీసుకు తిరిగొచ్చిన నీహారికకు ఆ ఒక్క రోజే కావాలి. నిజాంపేటలో వాళ్లు కొనుక్కున్న ఇంటికి వచ్చే సోమవారం పొద్దున గృహప్రవేశం. మిగతా సెలవులన్నీ అయిపోయాయి.

కామేశ్వరరావుగారు తీసివేత చేశారు. మైనస్ ఎనిమిది వచ్చింది.

"నువ్వే మాకు ఎనిమిది గంటలు బాకీ అమ్మాయ్" అన్నారు.

"తొమ్మిది గంటలు కూర్చున్నాను సార్. కాళ్లు కూడా వాచాయి."

"వాపుకు ఫారంలో గడి లేదు. దూరం చూద్దాం ఉండు."

గోడ మీద ప్రపంచ పటం ఉంది. జపాన్ కుడి అంచున, అమెరికా ఎడమ అంచున. అటెండరు మల్లయ్య దారం ఒక కొస జపాన్ మీద పట్టుకుంటే, కామేశ్వరరావుగారు రెండో కొసను ఆసియా, యూరప్‌ల మీదుగా అమెరికా దాకా లాగారు. ఇరవై తొమ్మిది వేల కిలోమీటర్లు తేలింది.

"దారం కాశ్మీరు మీదుగా పోయింది. అంత దగ్గరికొచ్చి ఒకసారి ఆఫీసుకు రాలేకపోయావా?"

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు మల్లయ్య. "గీ పటాన్ని గొట్టం లెక్క చుడితే గా రెండూళ్లు ఒకదాని పక్కకొకటి వస్తయ్ గద."

"పటం ఆఫీసు ఆస్తి మల్లయ్యా. చుట్టాలంటే పై అనుమతి కావాలి."

"మరి గా బిడ్డ ఇంట్ల పాలెవరు పొంగియ్యాలె సార్?"

ఆ ప్రశ్న కూడా ఫైలుకెక్కింది.

అనుమతి కోసం ముగ్గురు సభ్యుల సంఘం వేశారు. సోమవారం ముహూర్తం వేళకు నిజాంపేటలో వాళ్లమ్మ ఒక్కతే పాలు పొంగించింది. నీహారిక తన కంప్యూటరు ముందు కూర్చుని గడియారం చూసుకుంది. మంగళవారం సంఘం సమావేశమై, పటం చుట్టనక్కర్లేదని, మైనస్ గుర్తును కాగితం మీద పడిన మరకగా భావించవచ్చని తీర్మానించింది. ఎనిమిది గంటలు సరిపోయాయి.

బుధవారం ఉత్తర్వు చేతికందింది. సోమవారానికి సెలవు మంజూరు.

గురువారం మెమో వచ్చింది. మంజూరైన సెలవు రోజున ఆఫీసులో ఎందుకు కూర్చున్నారో మూడు రోజుల్లోగా వివరణ ఇవ్వాలని.